తెల్లబట్ట దాటిన జీపు

నర్సంపేట నుంచి కేసముద్రం దాకా ఆ దారి పొడుగునా యోసేపును ఎరగని ముసలివాళ్లు లేరు. ఎవరైనా ఎరగమంటే యోసేపే ఆగి, తీరిగ్గా కూర్చుని చెబుతాడు. చదివింది ఊరి బడిలో ఏడో తరగతి వరకే. కానీ ఆయన చెప్పుకున్న గొప్పల్లో అబద్ధం ఒక్కటీ లేదు, అది ఒప్పుకోవాలి.

వాగు పొంగి బస్సులు గట్టునే నిలబడిపోయిన రోజుల్లో జనాన్ని ఆవలికి దాటించింది యోసేపే. ఓట్ల పెట్టెలను, వాటి వెంట భయపడుతూ వచ్చిన పంతుళ్లను అడవి ఊళ్లకు చేర్చింది యోసేపే. నొప్పులు పడుతున్న ఆడవాళ్లను దవాఖానకు తెచ్చిందీ ఆయనే. దారిలోనే పుట్టిన పిల్లలు ఇప్పుడు మీసాలు దువ్వుకుంటూ ఎదురైతే, "నువ్వు నా వెనక సీట్ల పుట్టినవ్‌రా, యాదికున్నదా?" అని నలుగురి ముందు పరువు తీసేదీ ఆయనే. ఇవన్నీ చేసింది ఒకే జీపు మీద. ఆ జీపు ఇంజను ఒకనాడు బిగుసుకుపోయింది. అప్పటి నుంచి రేకుల కింద నిలబడి ఉంది. అందులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి.

ఆ ఏడు చర్చిలో కోతపండుగ గురించి కమిటీ కూర్చుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి తొలి పంట కానుకలు ఏ బండి మీద తేవాలన్న మాట వచ్చింది. కమిటీ కార్యదర్శి డేవిడ్, ముప్పై ఏళ్ల వాడు, ట్రాక్టరు మాట్లాడానన్నాడు. యోసేపు లేచి నిలబడ్డాడు.

"ట్రాక్టరు గీక్టరు ఒద్దు. ఈసారి నా జీపు మీదనే వస్తయి."

"ఏ జీపు తాతా? ఆ కోళ్లగూడా?"

అందరూ నవ్వారు. పాస్టరుగారు కూడా పెదవి కొరుక్కున్నారు. యోసేపు మాత్రం నవ్వలేదు. "పండుగ నాడు నా జీపు రాకపోతే ఇగ ఈ సంఘంల నేను నోరిప్ప" అన్నాడు. నోరు విప్పకుండా యోసేపు బతకలేడని సంఘంలో పసిపిల్లలకూ తెలుసు. అందుకే ఆ మాట విని నవ్వులు ఆగిపోయాయి.

మర్నాడే ట్రాక్టరుకు కట్టించి జీపును నర్సంపేటలో ఉప్పలయ్య షెడ్డుకు చేర్చాడు. ఉప్పలయ్య ఒకప్పుడు ఆ జీపుకే క్లీనరు, ఇప్పుడు సొంతంగా మెకానిక్కు. ఇంజను దించారు, పిస్టన్లు ఊడబెరికారు, తుప్పు గీకారు. పని సగంలో ఉండగా హైదరాబాదు నుంచి ఓంప్రకాశ్ అనే ఆయన వచ్చాడు. పాత జీపులు వెతికి, అచ్చం పుట్టినప్పటిలా తయారు చేయించి దాచుకోవడం ఆయన సరదా. తెల్లచొక్కాతోనే నేల మీద పడుకుని జీపు కిందకు దూరాడు. అలా దూరినందుకు యోసేపుకు ఆయన మీద కొంచెం గౌరవం కలిగింది.

బయటకు వచ్చినప్పుడు ఓంప్రకాశ్ కళ్లు మెరుస్తున్నాయి.

"పెద్దాయనా, ఈ చాసీ అసలైన మిలిటరీ జీపుది. ఇట్లాంటిది నేను చూసి ఎన్నేళ్లయిందో! కానీ దీని మీదున్నవేవీ దీనివి కావు. ఇంజను మెటడారు వ్యానుది. వెనక ఇరుసు ట్రెక్కరు బండిది. గేరుబాక్సు ఇంకేదో జీపుది. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ గేరు పళ్ల లెక్కే కలవదు. నాలుగు చక్రాలకూ ఒకేసారి పట్టిస్తే రోడ్డు మీద బిగుసుకుపోతుంది."

"రోడ్డు మీద నాలుగు చక్రాలెందుకు పట్టిస్త సారూ, నాకేమన్న పిచ్చా? బురదలనే పట్టిస్త. బురదల చక్రం జారుతది, లెక్క ఆడనే సరిపోతది."

ఓంప్రకాశ్ నవ్వేశాడు. "చాసీ నాకివ్వండి. బదులు మీకు మంచి బండి ఇస్తాను."

"మరి మిగతయి?"

"పాత ఇనుములో వేయడమే."

యోసేపు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "నువ్వు కంపెనీల పేర్లు జెప్పినవ్. ఇప్పుడు నేను జెప్త, ఇను. చాసీ కేసముద్రంల ధాన్యం వ్యాపారం జేసిన వెంకట్రాజన్నది. గడ్డివాము ఎనకాల పడి ఉంటే, 'వానకాలం మన ఊళ్లల్ల రోగమొస్తే దిక్కులేదు, దీన్ని బండి జెయ్‌రా' అని ఇచ్చిండు. ఇంజను ఈ ఉప్పలయ్యది. ఈని మెటడారు చెరువుల పడ్డది..."

"పడలే అన్నా, పడేసినవ్. నడిపింది నువ్వే!" అన్నాడు ఉప్పలయ్య.

"ఎవలు నడిపితేంది, పడ్డది. వెనక ఇరుసు మా సంఘం పెద్ద గట్టయ్యది. గేరుబాక్సు మిషను దవాఖానోళ్లది. గియన్ని పాత ఇనుముల ఏస్తనా? పో సారూ, చాయి తాగి పో."

ఓంప్రకాశ్ చాయి తాగి వెళ్లాడు. కానీ ఆశ వదులుకోలేదు.

జీపు లేచి నిలబడింది. పండుగ నాటి పొద్దున పల్లెపల్లె తిరిగి, వరి కంకులు, గుమ్మడికాయలు, మిరపకాయల సంచులు, కాళ్లు కట్టిన కోళ్లు ఎక్కించుకుని, కానుకలు మోసుకొచ్చే ముసలమ్మలనూ ఎక్కించుకుని, ముందు బంతిపూల దండతో యోసేపు జీపు చర్చి గేటు దగ్గరకొచ్చింది. లోపల పందిరి కింద పొడుగ్గా తెల్లబట్ట పరిచి ఉంది. ఆ సంఘంలో తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. ఆ బట్ట మీదకు చేరింది ఏదైనా దేవునిదే, వేలం వేయాల్సిందే. ఒకసారి ఎవరో మరిచిపోయిన గొడుగునూ వేలం వేశారు.

డేవిడ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "గేటు కాడనే ఆపు తాతా. లోపల ఆయిలు కారుతది."

"నా బండి ఆయిలు కారదు!"

"కారదంటే నమ్మేటోళ్లెవలు?"

అంతే. యోసేపు మొదటి గేరు వేశాడు. పిల్లలు పక్కకు దూకారు. జీపు పందిట్లోకి వచ్చి, సరిగ్గా తెల్లబట్ట మీద ఆగింది. యోసేపు కిందికి దిగి, "వంగి చూడు, ఒక్క చుక్కుందేమో!" అన్నాడు. ఒక్క చుక్కా లేదు. కానీ ఎవరూ చుక్క కోసం చూడడం లేదు. అందరూ ఆయన కాళ్ల కింది బట్టనే చూస్తున్నారు.

వేలం వేసే పెద్ద గట్టయ్య గొంతు సవరించుకున్నాడు. "యోసేపూ... బట్ట అంచు దాటినవ్."

యోసేపు వంగి చూశాడు. నాలుగు చక్రాలూ బట్ట మీదే ఉన్నాయి.

"దండ కూడ ఏసినవ్. ఇగ నేనేం జేసేదిరా? కట్టుబాటు కట్టుబాటే. జీపూ... ఎవరన్న పాడేటోళ్లున్నరా?"

వెనక వరుసలో ఒక చెయ్యి లేచింది. ఓంప్రకాశ్! పండుగ చూసి, ఇంకొక్కసారి అడుగుదామని వచ్చాడట. ఆయన ముందు అక్కడ ఎవరూ పాట నిలబెట్టలేరు. గుసగుసలు మొదలయ్యాయి. డేవిడ్ కూడా తల దించుకున్నాడు.

యోసేపు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తల ఎత్తాడు. గొంతు పందిరి దాటి వినిపించింది.

"కట్టుబాటును నేను కాదన. కానీ నాది గానిది నేనెట్ల కానుకిస్తరా? పరాయి సొమ్ము దేవుని ముందట పెడితే కానుకంటరా, దొంగతనమంటరా? పాస్టరయ్యా, నువ్వు చెప్పు!"

పాస్టరుగారు మెల్లగా, "దొంగతనమే" అన్నారు.

"గట్టయ్యా, ఆ వెనక ఇరుసు ఎవలదిరా?"

గట్టయ్య తడబడ్డాడు. "నాదే..."

"దేవునికి ఇచ్చినవా?"

"లేదు. నీకిచ్చిన, నడుపుకొమ్మని."

"మరి నీ ఇరుసు నువ్వే పాడుతవా? ఉప్పలయ్యా, ఇంజను?"

"నాదే అన్నా. నేను చర్చి మనిషినే కాదు, నాదెట్ల పాడుతరు?"

పందిట్లో నవ్వులు లేచాయి. ఓంప్రకాశ్ లేచి నిలబడి, "నాకు చాసీ చాలు" అన్నాడు.

అప్పటిదాకా ఆడవాళ్ల మధ్య కూర్చున్న పూలమ్మ లేచింది. వెంకట్రాజం భార్య. ఆమె హిందువే, అయినా ఏటా పిలిస్తే వచ్చి గుమ్మడికాయ పాడుకుని పోతుంది. "చాసీ మా ఆయనది సారూ. నాకు కడుపుల చిన్నోడు అడ్డం తిరిగిన నాడు గిదే జీపు నన్ను దవాఖానల ఏసింది. ఇది నడవాల్నని ఇచ్చిండు మా ఆయన, బొక్కలు ఏరుకపొమ్మని కాదు. నేనియ్య."

ఓంప్రకాశ్ చేతులు జోడించి కూర్చున్నాడు.

"అయితే ఏం పాడాలె?" అన్నాడు గట్టయ్య విసుగ్గా. "బట్ట మీదికొచ్చిన బండిని ఒట్టిగ పోనియ్య. నీదేముందిరా దీంట్ల?"

యోసేపు ఆలోచించాడు. అన్నీ ఎవరో ఇచ్చినవే. ఆఖరుకు ఛాతీ విరుచుకుని చెప్పాడు. "హారను! వరంగల్ చౌరస్తాల నా కష్టంతోని కొన్న. పాడుండ్రి, ఎవడొస్తడో చూస్త."

హారను విప్పి బట్ట మీద పెట్టారు. యోసేపే మొదట పాడాడు. కానీ డేవిడ్ పట్టుబట్టి రెండు బస్తాల వడ్లకు ఎక్కించి గెలిచాడు. "ఇగ నోరు మూసుకొని నడుపు తాతా" అన్నాడు, దాన్ని చంకలో పెట్టుకుని.

సాయంత్రం జీపు నిండా ముసలమ్మలను ఎక్కించుకుని యోసేపు పల్లెల దారి పట్టాడు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి, మిగతా సగంలో మేకలు. యోసేపు నడుము దాకా బయటకు వంగి, గొంతు నరాలు తేలేలా అరిచాడు.

"జరుగుండ్రి! యోసేపు జీపు వస్తాంది! జరుగుండ్రిరా!"

మేకలు జరిగాయి.