మా పిరికి డాక్టరుగారు

పచ్చిపాల వాసన చాలామందికి కమ్మగా ఉంటుంది. నాకు మాత్రం వెన్నులో చలి పుడుతుంది. మదనపల్లెలో మేముండే వీధికి పొద్దున్నే ఒకాయన క్యానుల్లో పాలు తెస్తాడు. మూత తీయగానే ఆ వెచ్చటి వాసన మేడమీది దాకా వస్తుంది. మా ఆవిడ గిన్నె పట్టుకుని కిందికి దిగుతుంటే "బాగా పొంగనివ్వు, తొందరపడొద్దు" అని పైనుంచి అరుస్తాను. విని విని ఆమెకు విసుగొచ్చింది. "మీ పిరికి డాక్టరు పోయినా ఆయన భయం మాత్రం మనింట్లోనే కాపురముంది" అంటుంది. నిజమే, ఉంది. ఉంటేనే మంచిదని నేననుకుంటాను.

ఆయన పేరు మునిరత్నం. పుంగనూరులో చిన్న ఆసుపత్రి నడిపేవారు. తొంభైల నడుమ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ముగించి ఆయన దగ్గర చేరాను. సన్నటి మనిషి. ఒక్కో రోగిని చూశాక చేతులు కడిగీ కడిగీ వేళ్ళు నానిపోయి ఉండేవి. ఊళ్ళో అందరూ "పిరికి డాక్టరు" అనేవాళ్ళు, ఆయన వినేలాగే. మొదటిరోజు నన్ను పిలిచి, "రక్తం తీసేదానికి భయమేస్తాందా అప్పా?" అని అడిగారు. "అస్సలు లేదు సార్" అన్నాను, రొమ్ము విరుచుకుని. "అయితే ఇప్పుడే సూది ముట్టుకోవద్దు. కూర్చోని సూడు" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కొన్నాళ్ళకు ఎవరిదో రక్తం నా చేతిమీద చింది, గుండె గుభేలుమంది. ఆయనే వచ్చి నా చెయ్యి సబ్బుతో రుద్ది కడుగుతూ, "ఇప్పుడేసిందా? సరే, రేపట్నుంచి సూది పట్టు" అన్నారు.

చౌడేపల్లె దగ్గరి పల్లె నుంచి రత్నమ్మ అనే ఆమె వచ్చింది. నెలల తరబడి సాయంత్రమైతే జ్వరం, చెమటలు, కీళ్ళు పట్టేయడం. టైఫాయిడ్ మందులు మింగింది, క్షయ మందులూ మింగింది. ఏదీ పట్టలేదు. డాక్టరుగారు ఆమె సంగతి వదిలేసి ఆవుల సంగతి అడగడం మొదలుపెట్టారు.

"మీ ఆవు ఈనిందా అమ్మా?"

"యాడ సామీ! నెలలు నిండకుండానే దూడ సచ్చి పడింది."

"మాయ ఎవరు తీసినారు?"

"ఇంకెవురు తీస్తారు, నేనే. గడ్డిలో సుట్టి మేడిసెట్టుకి కట్టినాను."

దూడ వెంట పడే మాయను పాలుకారే చెట్టుకు కడితే ఆవుకు పాలు తగ్గవని ఆ పల్లెల్లో నమ్మకం. డాక్టరుగారు ఆమె చేతులకేసి చూస్తూ ఉండిపోయారు. పశువుల నుంచి మనుషులకు అంటుకునే జబ్బొకటుంది, పచ్చిపాల వల్లా వస్తుంది, ఇలాంటి మాయను ఉత్తచేతులతో తీసినా వస్తుంది. దాన్ని తేల్చే పరీక్ష పుంగనూరులో లేదు. బెంగళూరులో ఈ జబ్బుమీద పరిశోధన చేసేవాళ్ళకు రక్తం పంపాలి. విషయం చెప్పి, "పంపించమంటావా?" అని అడిగారు. "పంపు సామీ, పేరు మాత్రం వద్దు. మా ఆవుకి రోగమని తెలిస్తే పాలకేంద్రంలో మా పాలు పోయనీరు. ఆ పాలే మాకు కూడు" అంది రత్నమ్మ. పేరుకు బదులు సీసామీద ఒక నంబరు వేశాం.

ఐసుముక్కలు నింపిన ఫ్లాస్కులో ఆ సీసా పెట్టుకుని నేను కుప్పం బస్సెక్కాను. అక్కడ బెంగళూరు రైలు పట్టుకోవాలి. రోడ్డుమీది ప్రతి గుంతకూ నా ప్రాణం పైకి లేచేది. పక్కసీటు ముసలమ్మ ఒళ్ళో మనవడు ఏడుస్తున్నాడు. "బిడ్డకి రొంత కాఫీ పొయ్యప్పా" అందామె. ఖాళీ ఫ్లాస్కు అన్నాను. లోపల ఐసు గలగలలాడింది. "అయ్యో, ఏం మనిషివప్పా! పసిబిడ్డకి గుక్కెడు పోస్తే నీ సొమ్మేం పోయె?" అని బస్సంతా వినేటట్టు దులిపేసింది. ఫ్లాస్కును పొట్టకు ఇంకా గట్టిగా హత్తుకున్నాను.

జబ్బు అదేనని తేలింది. రత్నమ్మకు సరైన మందులు పడ్డాయి. అంతలో ఆమె కోడలు కవితకూ జ్వరం మొదలైంది. కవితకు ఆరో నెల. పరీక్షలో ఆమెకూ అదే జబ్బు. కడుపుతో ఉన్నప్పుడు వస్తే బిడ్డ నిలవకపోవచ్చునని డాక్టరుగారు మందులు రాస్తూ నాతో అన్నారు. అప్పుడే బెంగళూరు నుంచి ఫోన్: "ఏ ఊరు, ఎవరిల్లు? చెప్పకుండా దాచిపెడితే ఇంకెంతమంది గర్భిణులకు అంటుతుందో ఆలోచించారా?" డాక్టరుగారు "అడిగి చెబుతా" అని పెట్టేశారు.

చెబితే రత్నమ్మ పాలు పోతాయి, చెప్పకపోతే ఇంకెవరి కడుపో పోతుంది. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. ఆమెను పిలిపించి మళ్ళీ అడిగారు. రత్నమ్మ తేలిగ్గా అనేసింది: "బెంగుళూరోళ్ళు మా ఇంటికి పాలకొస్తారా సామీ? వాళ్ళకి సెప్పుకో. మా ఈదిలో మాత్రం నోరు తెరవొద్దు." మేం పట్నానికి భయపడుతున్నాం, ఆమె భయమంతా పక్కింటివాళ్ళతో. అడక్కపోతే మాకు తెలిసేదే కాదు.

కానీ పరిశోధనవాళ్ళ జీపొచ్చి ఒక్క ఇంటిముందు ఆగితే దాచడానికి ఇంకేముంటుంది? వస్తే ఊళ్ళో అన్ని ఇళ్ళకూ రావాలని డాక్టరుగారు బెంగళూరువాళ్ళకు షరతు పెట్టి, ముందుగా తానే ఆ పల్లెకు బయల్దేరారు. నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. పాలు పోసేవేళ పాలకేంద్రం దగ్గర నిలబడి, ఊళ్ళో జబ్బుంది, పాలు కాచి తాగండి, మాయను ఉత్తచేతులతో ముట్టకండి అన్నారు. జనం మీదికొచ్చారు. "ఎవురింట్లో? పేరు సెప్పి కదులు!" ఒకడు మా స్కూటరు తాళం లాక్కున్నాడు. రత్నమ్మ పాలక్యాను పట్టుకుని అక్కడే నిలబడి ఉంది, మొహంలో నెత్తుటిచుక్క లేదు. డాక్టరుగారు తల ఎత్తలేదు. ఎత్తితే చూపు ఎక్కడ ఆమెమీద పడుతుందోనని నేలనే చూస్తూ, "సెప్పను. కొట్టినా సెప్పను" అన్నారు. గొంతు కీచుమంది. ఎవరో నవ్వారు. కాసేపటికి తాళం వెనక్కిచ్చారు.

ఆ తర్వాత జరిగింది మేమెవరమూ అనుకోలేదు. ఆ ఊరి ఆడవాళ్ళు ఒకరికి తెలియకుండా ఒకరు ఆసుపత్రికి రాసాగారు. "సామీ, నువ్వు ఆ పొద్దు సెప్పింది మా ఇంటి సంగతే కదా?" అని ప్రతి ఒక్కరిదీ అదే గుసగుస. "అందరికీ పరీక్ష చేస్తాండామమ్మా, రా" అనేవారాయన. వాళ్ళలో జబ్బున్నవాళ్ళు బయటపడ్డారు, మందులు తిన్నారు. బెంగళూరువాళ్ళు షరతు ప్రకారం ప్రతి ఇంటికీ వచ్చారు. పశువుల డాక్టరు వచ్చి రోగమున్న ఆవుల్ని వేరుచేయించాడు. రత్నమ్మ ఇంటిని ఎవరూ వేలెత్తి చూపలేదు.

కవిత మా ఆసుపత్రిలోనే ప్రసవించింది. లోపల్నుంచి బిడ్డ ఏడుపు వినబడేదాకా ఆ గది బయటనుంచి మేమెవరమూ కదల్లేదు. ఆడపిల్ల. బెంగళూరువాళ్ళు బిడ్డ రక్తం కొంచెం కావాలన్నారు. తల్లికిచ్చిన మందు బిడ్డను ఎలా కాపాడిందో తెలిస్తే ఇంకెందరికో మేలని డాక్టరుగారికీ ఆశే. వెళ్ళి అడిగారు.

"నాది ఎంతైనా తీసుకోండి సార్" అంది కవిత, బిడ్డను దగ్గరికి లాక్కుంటూ. "దీన్ని మాత్రం సూదితో పొడవొద్దు."

"ఏమే, ఇంత సేసినాయన అడిగితే కాదంటావా?" అని రత్నమ్మ గదిమింది.

"అమ్మా, నువ్వుండు" అన్నారు డాక్టరుగారు. "కాదనొచ్చు కాబట్టే అడిగినాను." ఇవతలికొచ్చి ఫోన్ చేశారు. "ఇవ్వలేదండీ. లేదు, మళ్ళీ అడగను." అవతలి అరుపు నాకూ వినబడింది. ఆయన మొహంలో భయమన్నది లేకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు ఆయన పోయారు. నేను మదనపల్లెకొచ్చి ఇక్కడి ల్యాబులో ఇప్పటికీ పరిశోధనలకని రక్తం తీస్తూనే ఉన్నాను. తెల్లకోటు చూడగానే జనం చెయ్యి చాపేస్తారు, నేను చెప్పేది వినకుండానే తలూపేస్తారు. ఆ తలూపడమంటే నాకు భయం. సూది పక్కనపెట్టి, వద్దంటే వైద్యమేమీ ఆగదని చెప్పి మళ్ళీ అడుగుతాను. అందరూ సరేనన్న రోజు నేను అడిగానో, అజమాయిషీ చేశానో తెలియక పక్కమీద దొర్లుతుంటాను. ఎవరైనా ఒకరు మొహంమీదే "వద్దులేప్పా" అని లేచిపోయిన రోజు మాత్రం కంటినిండా నిద్ర పడుతుంది.