ఇరవై రెండో ఫ్రేము

2023లో బ్రెమెన్‌లోని ఒక చిన్న గ్యాలరీలో పాత నెగటివ్‌లు స్కాన్ చేసేదాన్ని. ఆ వేసవి ఎగ్జిబిషన్ లూసియన్ అనే ఫ్రెంచి ప్రెస్ ఫోటోగ్రాఫర్‌ది. ఎనభై దాటిన మనిషి. ఎన్నికలూ సమ్మెలూ ఎన్ని తీసినా, పేరొచ్చింది మాత్రం సినిమా తారల వెంటపడి తీసిన ఫోటోలతోనే. పాపరాజీ అని పిలిచినా ఏమాత్రం నొచ్చుకోడు. గోడలెక్కిన కథలు గొప్పగా చెప్పేవాడు.

ఒక్క ఫోటో దగ్గర మాత్రం మాట మారేది. ఒక నటి తన తోటలో చెప్పుల్లేకుండా కూర్చుని నారింజ వలుస్తున్న ఫోటో. "ఇది దొంగచాటుగా తీసింది కాదు, ఆవిడే గేటు తీసి పిలిచింది," అనేవాడు. నటి ఆమధ్యే పోయింది. అదీ దొంగచాటుగా తీసిందేనని, దాన్ని తీసేయమని ఆమె కూతురు లాయరు చేత ఉత్తరం రాయించింది. జర్మనీలో మనిషి పోయాక కూడా కొన్నేళ్లపాటు ఆ ఫోటోకి ఇంటివాళ్ల అనుమతి ఉండాలి. గ్యాలరీ భయపడింది.

"జీవితమంతా దొంగన్నారు, పడ్డాను. దీనికి మాత్రం పడను," అన్నాడు లూసియన్. ఆ గొంతు విని నాకు నిజంగా బాధేసింది.

కాంటాక్ట్ షీట్ అంటే రోల్‌లోని ఫోటోలన్నీ చిన్నచిన్నగా వేసిన కాగితం. దానిమీద ఫోటోగ్రాఫర్ ఎర్ర పెన్సిల్‌తో చుట్టినవే స్కాన్ చేయాలి, అడ్డంగా గీత కొట్టినవి వదిలేయాలి. నేను రోలంతా చేస్తాను. నా మొండితనం నాది. గ్యాలరీలో పనిచేసే హైదరాబాదీ ఇమ్రాన్ విసుక్కునేవాడు.

"కొట్టేసినయి గూడ ఎందుకక్కా? టైమ్ వేస్ట్ గాదా?"

"నువ్వూరుకోవయ్యా, నా పని నన్ను చేసుకోనీ."

నారింజ ఫోటో ఇరవై ఒకటో ఫ్రేము. ఇరవై రెండోది కాగితం మీద ఉత్త నల్లమచ్చ, అడ్డంగా కొట్టేసి ఉంది. స్కానర్‌లో వెలుతురు పెంచుతూ పోయాను. అదే తోట, అదే కుర్చీ. కుర్చీలో నారింజ తొన పట్టుకుని నవ్వుతున్న కుర్ర లూసియన్! కింది అంచున, ఫోటో తీస్తున్న మనిషిది, చెప్పుల్లేని పాదం.

చూపిస్తే లూసియన్ కళ్లు తుడుచుకున్నాడు. "ఆవిడే నన్ను కూర్చోబెట్టి కెమెరా లాక్కుంది. ఏమీ పడలేదనుకున్నాను."

కబురందుకుని కూతురు బ్రెమెన్ వచ్చింది. స్క్రీన్ మీది పాదాన్ని పెద్దది చేయించుకుని చూసింది. "అమ్మ కాలే. బొటనవేలి కంటే పక్కవేలు పొడుగు," అంది. మా అత్తగారైతే ఆ వేలు చూసి, మొగుణ్ణి ఏలిన మనిషని తేల్చేసేది. "రెండూ పక్కపక్కన పెట్టండి," అని కూతురు అక్కడే సంతకం చేసింది.

రెండోదాని కింద తన పేరు వద్దన్నాడు లూసియన్. ఫోటోగ్రాఫర్‌గా ఆ నటి పేరు వేశాం. ఆ చీటీ నా చేత్తో నేనే అంటించాను.

తీసినవాడు పనికిరాదని కొట్టేసినదాన్ని కూడా తెరిచి చూడటమే నా పనన్న నమ్మకం ఆరోజు గట్టిపడింది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు నాకంటే ముందు ఇమ్రానే చెబుతున్నాడు: "రోల్ మొత్తం చెయ్యాలె. మా అక్క రూల్ అది."