దబ్బనం పట్టిన చెయ్యి

గోనెసంచి వాసన తగిలితే ఇప్పటికీ నా వేళ్లు బిగుసుకుంటాయి. తొమ్మిదేళ్లప్పుడు ఎనుమాముల మార్కెట్లో అమ్మ పక్కన కూర్చుని, ఘాటుకు తుమ్ముతూ, దబ్బనంతో మిర్చి బస్తాల మూతులు కుట్టేదాన్ని. పని త్వరగా నేర్చుకుంటే బడికి పంపుతారనుకుని, ఒక్క కాయ జారకుండా కుట్టడం నేర్చుకున్నాను.

"అక్కా, నీ బిడ్డకు చెయ్యి మంచిగ తిరిగింది. ఇగ బడెందుకు దీనికి?" అన్నాడు గుమస్తా.

అమ్మ మురిసింది. నేనూ మురిశాను. మర్నాడు నా ముందు రెట్టింపు బస్తాలు పడ్డాయి. గుమస్తా బడి మాట వేళాకోళానికన్నాడనుకుని, బడి దూరమవుతోందని తెలియక, ఇంకా నీటుగా కుట్టాను.

ఇప్పుడు మనవరాలి దగ్గర అక్షరాలు దిద్దుతున్నాను. నిన్న నా రాత చూసి, "మస్తు రాసినవ్ అమ్మమ్మా!" అంది.

నాకు గుమస్తా మెప్పు గుర్తొచ్చింది. ఇక నన్ను ఆ అక్షరం దగ్గరే ఉంచేస్తుందనుకున్నాను.

అది కొత్త అక్షరానికి పేజీ తిప్పింది.