మెట్ల కింద గదికి గొళ్ళెం

గుంటూరులో కూర్చుని స్వెటరు అల్లుతుంటే నవ్వని మనిషి నాకు ఒక్కరే కనిపించారు. నేను అద్దెకున్న ఇంటి ఆంటీ. మిగతా అందరూ నవ్వారు. బ్రాడీపేటలో ఊలు ఉండలు అమ్మే కొట్టాయన కూడా, నాకు అమ్ముతూనే, "ఎవరికమ్మా ఇది, మిరపకాయలకా?" అన్నాడు. మా గైడుగారి కోసం ఆయన గది బయట బెంచీ మీద గంటల తరబడి కాచుకునేదాన్ని కదా, నా చేతిలో సూదులు చూసీ చూసీ ఆయన "చాప్టరు ఎంతదాకా వచ్చింది?" అని అడగడం మానేసి, "స్వెటరు ఎంతదాకా వచ్చిందమ్మా?" అని అడగడం మొదలుపెట్టారు. రెండిటికీ ఒకటే జవాబు ఉండేది నా దగ్గర.

తొంభై ఎనిమిదిలో జంతుశాస్త్రంలో పిహెచ్.డి.కి చేరాను. మాది పొన్నూరు. రోజూ బస్సులో వచ్చి వెళ్ళొచ్చు గానీ, నా పని పురుగులతో. అప్పట్లో పత్తికాయల్ని తొలిచి పిప్పి చేస్తున్న పచ్చపురుగు మీద నా పరిశోధన. సత్తెనపల్లి వైపు చేలకి వెళ్ళి పురుగుల్ని ఏరి తెచ్చి, ఒక్కోదాన్నీ ఒక్కో సీసాలో పెట్టి, బెండకాయ ముక్కలు వేసి పెంచాలి. రెండిటిని ఒకే సీసాలో ఉంచితే మర్నాటికి ఒకటే మిగులుతుంది. ఇలాంటి సంసారం ఇంట్లో పెడతానంటే మా అమ్మే ఒప్పుకోలేదు. ఆంటీ మాత్రం మేడ మీద గది చూపించి, "సీసాలో ఉన్న పురుగుతో ఏం భయమమ్మా, సీసాలో లేనోళ్ళతో గాని" అన్నారు.

ఆంటీ వాళ్ళాయన మిలిటరీలో చేసేవారట. ఆయనతోపాటు చలి ఊళ్ళన్నీ తిరిగి అక్కడి ఆడవాళ్ళ దగ్గర అల్లిక నేర్చుకున్నారు. ఆయన పోయాక సొంత ఊరు కదా అని గుంటూరొచ్చి, కింద వాటాలో ఒక్కరే ఉండేవారు. సాయంత్రం నమాజు అయ్యాక వసారాలో కూర్చుని సూదులు అందుకుంటే ఆ చేతులు చూపుతో పనిలేకుండా నడిచేవి. ఓసారి నా పురుగులన్నీ ఏదో తెగులు తగిలి చచ్చిపోయి, నేను మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, ఏమైందని కూడా అడక్కుండా రెండు సూదులు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఒక వరస సూటిగా, ఒక వరస తిరగేసి. ఇంతేనమ్మా. తప్పు పడిందనుకో, అక్కడిదాకా ఊడదీసుకోవచ్చు. ఇందులో ఉన్న సుఖం అదే" అన్నారు.

నాకు ఊడదీయడం బాగా వచ్చింది. బెంగుళూరులో ఉన్న ఆంటీ పెద్దమ్మాయికి కొడుకు పుట్టినప్పుడు, వాడికి స్వెటరు నేనే అల్లుతానని గొప్పగా మాటిచ్చాను. సెమినారు వస్తే పక్కన పడేసేదాన్ని. చేలో పురుగు విరగబడితే పక్కన పడేసేదాన్ని. మళ్ళీ చేతిలోకి తీసుకునేసరికి వాడు పెరిగి ఉండేవాడు. మొత్తం ఊడదీసి, పెద్ద కొలతతో మొదలుపెట్టేదాన్ని. పిల్లాడికి నడకొచ్చింది, మాటలొచ్చాయి. స్వెటరుకి చేతులు రాలేదు.

కొంత పాపం పిల్లిది కూడా. బూడిదరంగు మీద నల్లచారలున్న ఆడపిల్లి. నా గది కిటికీకి ఒక చువ్వ ఊడిపోయి ఉండేది, ఆ సందులోంచి వచ్చింది. వచ్చిన రోజే ఊలు ఉండని మంచం కిందికీ, బీరువా వెనక్కీ తిప్పి గదంతా దారాలతో నింపింది. ఇంకోసారి సీసాల బల్ల మీదికి ఎక్కి మూడు వారాల పనిని నేల మీద పోసింది. చీపురు తీసుకుని వెంటపడ్డాను. సాయంత్రానికి మళ్ళీ వచ్చి, నేను రాసుకుంటున్న కాగితాల మీద పడుకుంది. దాన్ని లేపడానికి మనసొప్పక ఆ పూట థీసిస్ ఆపి స్వెటరు అల్లాను. ఇలా ఎన్ని పూటలు పోయాయో. చదువుకు పిల్లి అడ్డం, పిల్లికి చదువు అడ్డం, రెండిటికీ అల్లిక అడ్డం. ఆ మూడింటి మధ్యా నలుగుతున్నానని అందరికీ చెప్పుకుని జాలి పొందేదాన్ని. నా బతుకులో అంత నిండుగా ఉన్న రోజులు మళ్ళీ రాలేదని ఇప్పుడు తెలుస్తోంది.

దానికి పేరు పెట్టలేదు. పేరు పెడితే వెళ్ళేటప్పుడు వెంట తీసుకుపోవాలనిపిస్తుందని. ముందుచూపుకేం తక్కువ లేదు నాకు.

ఆ పిల్లికి ఒక అలవాటు ఉండేది. పొద్దున నేను సంచీ తగిలించుకుని మెట్లు దిగుతుంటే, నాకంటే ముందు కిందికి దూకి, గేటు దాకా పోయి, అక్కణ్ణించి తిరిగి నాకు ఎదురొచ్చి కాళ్ళకి రాసుకునేది. ఎదురింటాయన స్కూటరు తీస్తూ అది చూశాడంటే బండి స్టాండు వేసి, లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని బయల్దేరేవాడు. నేను నవ్వేదాన్ని. "నాలుగేళ్ళ నుంచి నాకు రోజూ పిల్లే ఎదురొస్తోందండీ, స్కాలర్‌షిప్పు వచ్చింది, పేపర్లు అచ్చయ్యాయి" అని ఆయనకి ఉపన్యాసం ఇచ్చాను. యూనివర్సిటీ క్యాంటీనులో అయితే నా నోటికి అడ్డే లేదు. పని చేతకాక పిల్లి మీద పెట్టడం, ఆడలేక మద్దెల ఓడనడం రెండూ ఒకటేనని బల్ల గుద్ది చెప్పేదాన్ని.

రెండువేల మూడు ఏప్రిల్లో నా వైవా. ఎక్కడి నుంచో పరీక్షకుడు వస్తాడు, నా పని మీద ప్రశ్నలు అడుగుతాడు, డిగ్రీ ఇవ్వమని రాస్తాడు. థీసిస్ మీద నివేదికలు మంచిగా వచ్చాక వైవాలో తప్పినవాళ్ళని నేనైతే ఎరగను. ఆ సంగతి తెలిసి కూడా వారం రోజులు అన్నం సయించలేదు.

ముందురోజు అమ్మ పట్టుచీర పట్టుకుని పొన్నూరు నుంచి దిగింది. ఆవిడ వస్తోందని స్వెటరు సంచీని మెట్ల కింద గదిలో దాచేశాను. ఐదేళ్ళూ ఇదా నువ్వు చేసింది అంటుందని. ఆ గదిలో ఆంటీ ఏడాదికి సరిపడా మిరపకాయలు కొని, ఎండబెట్టి, తొడిమలు తీయించి, కారం మరకి పంపడానికి గోనెపట్టాల మీద పోసి ఉంచారు. తలుపు తీసి మూసేలోపే నాకు నాలుగు తుమ్ములు వచ్చాయి.

ఆ సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తూ అమ్మ గొంతు తగ్గించకుండానే అడిగింది.

"పొద్దున మనం బయల్దేరేటప్పుడు ఆవిడ వాకిట్లో ఉంటుందటే?"

ఎందుకు అడుగుతోందో నాకు తెలుసు. ఆంటీ భర్త పోయిన మనిషి. క్యాంటీనులో బల్లలు గుద్దిన నోరు అప్పుడు తెరుచుకోవాలి. తెరుచుకోలేదు.

"పాలవాడు వచ్చే వేళ కదా, ఉంటారేమో" అన్నాను.

"ఆ పిల్లొకటి. దాన్నన్నా ఎక్కడో చోట పెట్టి తలుపెయ్యవే తల్లీ. ఈ ఒక్కరోజుకీ నా మాట విను" అంది అమ్మ.

బట్టలు చేత్తో పట్టుకుని కిందికి దిగుతుంటే మెట్ల మలుపులో ఆంటీ ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. "అన్నానికి ఏం చేస్తున్నారమ్మా, కూర పంపనా?" అని మామూలుగానే అడిగారు.

పొద్దున ఏడింటికి చీర కట్టుకుని కిందికొచ్చేసరికి ఆంటీ తలుపుకి తాళం వేసి ఉంది. పాలగిన్నె గడప పక్కన బోర్లించి ఉంది. పాత గుంటూరులో వాళ్ళ అక్కగారింటికి వెళ్ళారని పాలవాడు చెప్పాడు. నాకు ఏమనిపించిందో దాచను. హమ్మయ్య అనిపించింది.

పిల్లి ఎప్పటిలాగే గేటు దాకా పోయి తిరిగింది. తోక నిలబెట్టుకుని నా వైపు వస్తోంది. అమ్మ ఇంకా మెట్ల మీదే ఉంది, చూడలేదు. నేనే పరుగున వెళ్ళి దాన్ని ఎత్తుకున్నాను. ఎప్పుడూ ఆ వేళప్పుడు ఎత్తుకోను కాబట్టి అది సంబరపడి నా గడ్డం కింద తల పెట్టింది. నా గదిలో పెడదామంటే కిటికీకి చువ్వ లేదు. బయట గొళ్ళెం ఉన్నది మెట్ల కింద గదికే. లోపలికి వదిలి, గొళ్ళెం పెట్టి, చీర దులుపుకున్నాను. ఆంటీ ఒక గంటలో వస్తారు, అరిస్తే తీస్తారు అనుకున్నాను. అనుకున్నానంతే, ఎవరికీ చెప్పలేదు.

వైవా నలభై నిమిషాల్లో అయిపోయింది. పరీక్షకుడు మంచాయన, నన్ను అడిగినదానికంటే తనే ఎక్కువ చెప్పుకున్నాడు. తర్వాత చప్పట్లు, స్వీట్లు, ఫోటోలు, గైడుగారింట్లో భోజనం. "ఇంక స్వెటరు పూర్తి చెయ్యొచ్చు" అని గైడుగారంటే అందరూ నవ్వారు, అందరికంటే గట్టిగా నేను నవ్వాను. నేనూ అమ్మా ఆటో దిగేసరికి అయిదు దాటింది. అదే వేళకి ఆంటీ కూడా గేటు తీసుకుని వస్తున్నారు. స్వీటు పెట్టి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాను. నా తల నిమిరి, చుట్టూ చూసి, "పిల్లేదమ్మా?" అన్నారు.

పది గంటలు. ఏప్రిల్ ఎండ, రేకుల తలుపు, గదినిండా మిరపకాయలు.

గొళ్ళెం తీయగానే వచ్చిన ఘాటుకి ముగ్గురం వెనక్కి తగ్గాం. తలుపు కింద రేకు మీద గోళ్ళ గీతలు. మిరపకాయలు గదంతా చిమ్మి, చితికి, గింజలు నేలనిండా పరుచుకుని ఉన్నాయి. పిల్లి కనపడలేదు. మూలనున్న నా సంచీ లాగితే, స్వెటరు లోపలికి ముఖం దూర్చుకుని, ముడుచుకుని ఉంది. బతికే ఉంది. కళ్ళు రెండూ వాచి మూసుకుపోయాయి. పాదాలతో రుద్దుకున్నకొద్దీ కారం ఇంకా లోపలికి పోయింది. నేను ముట్టుకుంటే అరవలేదు, వణికింది.

అమ్మే దాన్ని తన పట్టుచీర కొంగులో చుట్టి పట్టుకుంది. ఆంటీ చెంబులతో నీళ్ళు పోశారు. నేను ఏడవడం తప్ప ఏమీ చెయ్యలేదు. మర్నాడు పశువుల ఆసుపత్రికి తీసుకెళితే, ఒక కన్ను దక్కుతుందన్నారు. రెండోదాంట్లో పువ్వేసి చూపు పోయింది.

అమ్మ ఊరెళ్ళాక, ఆంటీ వసారాలో పిల్లిని ఒళ్ళో పెట్టుకుని కంట్లో మందు చుక్కలు వేస్తుంటే, వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఎందుకు గొళ్ళెం పెట్టానో చెప్పాను. అమ్మ చెప్పిందని అనబోయి ఆగాను. పెట్టింది నేను. ఆవిడ రెండో కంట్లో కూడా చుక్క వేశారు. తర్వాత, కోపం లేకుండా, సందులో ఎవరో దారి అడిగితే చెప్పినట్టు చెప్పారు.

"ఒక్కమాట చెప్పుంటే దాన్ని కూడా నాతో తీసకపోయేదాన్ని గదమ్మా."

దాన్ని కూడా. ఆ సాయంత్రం మెట్ల మలుపులో ఆవిడ అంతా విన్నారు. వినే, నా మంచి కోరి, తన గుమ్మానికి తాళం వేసుకుని పొద్దంతా అక్కగారింట్లో కూర్చున్నారు. ఐదేళ్ళలో నేను పొద్దున బయటికి వెళ్ళేటప్పుడు ఆవిడ వాకిట్లో లేని రోజు అదొక్కటే. క్షమించమని అడగాలి. "ఆంటీ" అన్నాను. "సూదులు తెచ్చుకోపోమ్మా, ఊరికే కూచుంటే ఏం తోస్తుంది" అన్నారు. అడక్కుండానే లేచి వెళ్ళిపోయాను.

స్వెటరుని ఎన్నిసార్లు ఉతికానో లెక్కలేదు. ఆరాక చెంపకి ఆనించుకుంటే ఇంకా చురుక్కుమనేది. నిజంగానే మండిందో, నాకు అలా అనిపించిందో చెప్పలేను. పసివాడి ఒంటి మీద వేసే ధైర్యం లేక బెంగుళూరుకి పంపలేదు. ఊడదీసే ధైర్యమూ లేకపోయింది. చేతులు లేకుండా ఇప్పటికీ నా పెట్టెలోనే ఉంది.

పిల్లి కోలుకుంది. ఒంటికంటితో గోడలెక్కింది, కాకుల్ని తరిమింది. నా గదికి మాత్రం రాలేదు. కిటికీ సందులో చేపముక్కలు పెట్టి చూశాను, చీమలు పట్టాయి. పొద్దున నేను మెట్లు దిగుతుంటే ఆంటీ కుర్చీ కిందికి పోయి కూర్చునేది.

జూన్ నెలాఖర్లో చీరాలలో ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. సామాను ఆటోకి ఎక్కించాక ఆంటీ తలుపు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ లోపలే ఉన్నారు, తలుపు దగ్గరగా వేసి ఉంది. రెండు నెలలుగా నోట్లో ఆడుతున్న మాట అప్పుడు అనగలిగాను.

"ఆంటీ, మీరు నాకు ఎదురు రండి."

"మాకట్టాంటివి లేవమ్మా" అని నవ్వారు. నేను కదలకపోయేసరికి నవ్వు ఆపారు. చెప్పులేసుకుని, పైట తల మీదికి లాక్కుని గేటు బయటికి నడిచి, అక్కణ్ణించి తిరిగి నా వైపు వచ్చారు. ఆవిడ వెనకే, అలవాటు చొప్పున, పిల్లి. గేటు దాకా వచ్చింది. ఉన్న ఒక్క కంటితో నన్ను చూసింది. నేను కింద కూర్చుని చెయ్యి చాపాను.

అది ఆగి, వెనక్కి తిరిగి, గోడ పక్కగా వెళ్ళిపోయింది.

ఆటో అతను ఇదంతా చూస్తూ ఉన్నాడు. "పిల్లి ఎనక్కి పోయిందిలేమ్మా, మంచిదే. ఎక్కండి" అన్నాడు.

ఎక్కి కూర్చున్నాను.