ఊరికే చూడ్డానికి వెళ్ళిన నవ్‌జోత్

కెనడాలో మా ఊరు సార్నియా నుంచి రైలు రోజుకు ఒక్కటే, అదీ పొద్దున్నే. తప్పితే మళ్ళీ రేపే. ఈ దారిన వెళ్ళదలచినవాళ్ళు టికెట్ ముందే కొనుక్కోండి, పులిహోర కట్టుకోండి, వీలైతే మా వియ్యంకుడితో మాత్రం ప్రయాణం పెట్టుకోకండి.

మా వియ్యంకుడు రుస్తుం గారు పార్సీ. పుట్టిందీ పెరిగిందీ సికింద్రాబాద్ కాబట్టి తెలుగు దంచేస్తారు. సార్నియాలో ఆయన రిఫైనరీ ఇంజనీరుగా, నేను డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాం. ఆయన కూతురు పెరిన్‌ని మా అబ్బాయి ప్రేమించి పెళ్ళి చేసుకుని బ్రాంప్టన్‌లో కాపురం పెట్టాడు. వాళ్ళకి తొమ్మిదేళ్ళ రోష్ని, నాలుగేళ్ళ పిల్లాడు. ఆ ఆదివారం రోష్నికి నవ్‌జోత్, అంటే వాళ్ళ ఒడుగు. మన ఒడుగులా మగపిల్లలకే కాదు, ఆడపిల్లలకీ చేస్తారు. మా ఆయన వారం ముందే మనవల దగ్గరికి చేరిపోయారు. మంచులో హైవే మీద డ్రైవ్ చేసే ధైర్యం నాకు లేదు, కళ్ళు మందగించి రుస్తుం గారికి లైసెన్సు లేదు. అందుకని శనివారం ఇద్దరం రైలెక్కాం.

కదలగానే ఆయన మొదలుపెట్టారు. "ముందుగాలనే చెప్తున్న చెల్లెమ్మా. నేను ఊకె చూడనీకి వస్తున్న. బిడ్డ బయటోళ్ళను చేసుకుంటే ఆమె పిల్లలు మా లెక్కల రారు."

"కొడుకు బయటివాళ్ళని చేసుకుంటే?"

"వస్తరు."

"భలే దేవుడు అన్నయ్యగారూ మీ దేవుడు!"

"దేవుడు గాదు, మా పెద్దమనుషులు," అని ఒప్పేసుకున్నారు.

ఆయనతో వచ్చిన చిక్కే ఇది. అబద్ధం ఆడరు. వాళ్ళ మతంలో అబద్ధమంటే సాక్షాత్తు సైతాను సరుకు. పులిహోర పెట్టి ఎలా ఉందని అడిగాను. ఉప్పెక్కువైందన్నారు. పన్నెండేళ్ళుగా ఎక్కువవుతూనే ఉంది.

కిటికీలోంచి రిఫైనరీ గొట్టం మీద మంట కనిపించింది. "మీ దేవుడు పిలుస్తున్నాడు," అన్నాను.

"మేం మంటను మొక్కం. మంటను ముంగట పెట్టుకొని అహురా మజ్దాను మొక్కుతం. ఆయనొక్కడే. ఇగ ఆ గొట్టం మీది మంటంటవా, అది కనబడ్డదంటే గ్యాస్ దండుగ అయినట్టు. ముప్పై ఏండ్లు దాన్ని తక్కువ చేసుడే నా డ్యూటీ."

దారిలో వచ్చే కెనడా లండన్ స్టేషన్ దాటేలోపు నాకు వాళ్ళ చరిత్రంతా చెప్పారు. ఇరాన్ వైపు ఎప్పుడో, ఎప్పుడన్నది పండితులకే తేలనంత పూర్వం, జరతుష్ట్ర అనే ఆయన పుట్టాడు. మంచి ఆలోచన, మంచి మాట, మంచి పని, ఇంతే చాలన్నాడు. మంచీ చెడూ రెండూ ఎదురుగా ఉంటాయి, ఏది కావాలో మనిషే ఎంచుకోవాలన్నాడు. చక్రవర్తులు కొలిచారు. తర్వాత అరబ్బులు వచ్చారు, రాజ్యం పోయింది, కొందరు పడవలెక్కి గుజరాత్ చేరారు. అక్కడ బాగా చదువుకున్నారు, ఆలస్యంగా పెళ్ళి చేసుకున్నారు, ఒకరిని కన్నారు లేదా అదీ లేదు. బయటివాళ్ళని చేర్చుకోరు, బయటికి వెళ్ళినవాళ్ళని తీసేస్తారు. తరిగిపోతున్నాం ఎందుకో అని మీటింగులు పెడతారు.

"నన్ను పన్నెండేండ్లకే పూజారిని చేసిండ్రు. తర్వాత కెమిస్ట్రీ చదివిన," అని ముగించారు.

ఎదుటి సీటులో ఊలు అల్లుకుంటున్న కెనడియన్ ముసలమ్మ మీ మతమేమిటని ఆయన్ని అడిగింది. చెప్పారు. ఆమెకి తెలియలేదు. "ఏసు పుట్టినప్పుడు కానుకలు పట్టుకుని వచ్చిన ముగ్గురు జ్ఞానులు మావాళ్ళేనంటారు. మీ క్రిస్మస్ బొమ్మల్లో మేం ముగ్గురం ఉంటాం. సార్నియాలో నేనొక్కణ్ణే," అన్నారు ఇంగ్లీషులో. ఆమె జాలిపడి ఆయనకొక బిస్కెట్టు ఇచ్చింది.

మధ్యాహ్నానికి బ్రాంప్టన్‌లో దిగాం. అబ్బాయి కారుతో వచ్చాడు.

మర్నాడు పది గంటలకి వాళ్ళ ప్రార్థన హాలుకు వెళ్ళాం. గోదాముల మధ్య అదీ ఒక గోదాములాగే ఉంది. గుమ్మంలో మంచు బూట్ల వరస చూసి గుర్తుపట్టాలి. లోపల పెద్ద వెండి పాత్రలో గంధపు చెక్కలు పేర్చారు. ఒకాయన స్మోక్ అలారం ఆపించి వచ్చాడు, ఇంకొకాయన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని నిలబడ్డాడు. రుస్తుం గారు అందరికంటే వెనక వరసలో, తలుపు పక్కన కూర్చున్నారు. చూడ్డానికి కదా.

స్నానం చేయించిన రోష్ని తడి జుట్టుతో వచ్చి నిలబడింది. అప్పుడు పెరిన్ ఫోను మోగింది. పూజారి. వారమంతా బ్యాంకులో పని, ఆదివారాలు పౌరోహిత్యం. ఆయన కారు మంచులో జారి హైవే పక్క గుంటలో దిగబడిందట. దెబ్బలేమీ లేవు కానీ, రాలేడు. ఇంకొక పూజారి పెళ్ళి చేయించడానికి హ్యూస్టన్ వెళ్ళాడు. పెరిన్ ముఖం చూడలేకపోయాను. పిల్ల ఏడాదిగా ఫోనులో విని విని మంత్రాలన్నీ నేర్చుకుంది.

ఇక హాలులో దీక్ష తీసుకున్న మనిషి ఒక్కడే మిగిలాడు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఒక్కొక్కరే వెనక్కి తిరిగి తలుపు వైపు చూశారు.

"నా దగ్గర బట్టల్లేవు," అన్నారు రుస్తుం గారు. కమిటీవాళ్ళు బీరువాలోంచి తెల్లబట్టలు తెచ్చారు. "మూతికి కట్టుకునే గుడ్డ లేదు," అన్నారు. ఊపిరి తగిలితే నిప్పు మైలపడుతుందని పూజారులు నోటికి గుడ్డ కట్టుకుంటారు. నేను హ్యాండ్‌బ్యాగులోంచి సర్జికల్ మాస్కు తీసి ఇచ్చాను. ఆయన నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

ఈలోగా రోష్ని ఆయన ముందుకొచ్చింది. "గ్రాండ్‌పా, డూ యూ రిమెంబర్ ద వర్డ్స్?"

నో అంటే పోయేది. ఎవరు పరీక్ష పెడతారు?

"యెస్," అన్నారు.

నిప్పు రాజేశారు. మాస్కు వెనక నుంచి ఆయన గొంతు మొదట గొణుగుడుగా, తర్వాత గట్టిగా వచ్చింది. పల్చటి తెల్ల చొక్కా తొడిగించారు. దాని మెడ దగ్గర చిన్న జేబు ఉంటుంది, చేసిన మంచిపనులు దాచుకోవడానికట. ఉన్ని దారం పిల్ల నడుముకి చుడుతూ ఒకచోట ఆగిపోయారు. మాట గుర్తురావడం లేదు. రోష్ని మెల్లగా ఆ మాట అందించింది. లెక్కలోకి రాని పిల్ల. ఆయన ఆ మాట అందుకుని, చుట్టు తప్పకుండా మూడుసార్లూ చుట్టి ముడేశారు.

నాకు ఏడుపొచ్చింది. గంధపు పొగ పడలేదని అందరికీ చెప్పాను. నేను పార్సీని కాను కాబట్టి ఆ వెసులుబాటు ఉంది.

అరటాకులో చుట్టి ఉడికించిన చేపతో భోజనం పెట్టారు. నిప్పునెవరూ ఆర్పలేదు. మన ఇళ్ళలో దీపంలాగే దాన్నీ నోటితో ఊదకూడదు. కొండెక్కేదాకా ఎక్స్‌టింగ్విషర్ పెద్దమనిషి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సార్నియాలో అక్కర్లేని మంట ఏడాది పొడుగునా మండుతుంది, ఇక్కడ కావలసిన మంట భోజనాల వరకే.

సాయంత్రం రైల్లో తిరుగుప్రయాణం. మా ఆయన మనవలని వదిలి రానన్నారు. కదలగానే ఈసారి నేనే రుస్తుం గారిని అడిగాను. "ఇప్పుడు రోష్ని లెక్కలోకి వచ్చినట్టేనా?"

"రూల్ మారలే. నేనే తప్పిన."

"బాధగా ఉందా అన్నయ్యగారూ?"

అబద్ధం ఆడలేని మనిషి కాబట్టి జవాబుకి టైము పట్టింది. "లేదు. గదే పరేషాన్ చేస్తున్నది."

సార్నియా దగ్గరపడ్డాక రిఫైనరీ మంట చీకట్లో ఎర్రగా కనబడింది. ఆయన కోటు జేబులోంచి నా మాస్కు తీసి, మడత సరిచేసి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నారు. ఇంకా గంధం వాసన వేస్తోంది.

"వాడేసిన మాస్కు మీకెందుకండీ? పారేయండి," అన్నాను.

"ఉండనీ చెల్లెమ్మా," అన్నారు. "రోష్నిది అయింది, ఇంక చిన్నోడున్నడు గద."