నిండిపోయిన బ్యాకప్ పెట్టె

ఈ రోజు ఆఫీసులో ఒక సేల్స్‌మన్‌తో గొడవపడ్డాను. ఇంకా కోపం తగ్గలేదు.

మా ఆఫీసు నాంపల్లిలో. జనం తెచ్చే ఇళ్ల దస్తావేజులను స్కాన్ చేసి భద్రపరుస్తాం. అక్కడి కంప్యూటర్లు చూసేది నేనే. ఒకే ఫైలు పదిసార్లు బ్యాకప్‌లో చేరకుండా మన సాఫ్ట్‌వేరే ఏరేస్తుందని మా సార్‌కు ముందే చెప్పాను. ఆయన వినలేదు. ఆబిడ్స్ నుంచి వచ్చిన ఈ సేల్స్‌మన్ మాట నమ్మి, అదే పని చేస్తూ బ్యాకప్‌లు దాచే పెద్ద పెట్టె ఒకటి కొన్నారు. మూడు రోజుల కిందట ఆ పెట్టె నిండిపోయి బ్యాకప్ ఆగిపోయింది. ఈలోగా డిస్క్ పాడైతే జనం కాగితాలకు దిక్కెవరు?

ఇవాళ అతను వచ్చి, తాపీగా టీ తాగుతూ, "మీ డేటా ఎక్కువున్నది భాయ్, ఇంకో పెట్టె తీస్కోండ్రి" అన్నాడు.

నేను సెట్టింగ్స్ తెరిచి చూపించాను. పెట్టె బిగించిన రోజు అతనే, ప్రతి ఫైలుకూ రోజుకో కొత్త తాళం వేసి, అంటే ఎన్‌క్రిప్ట్ చేసి, పెట్టెకు పంపేలా పెట్టి వెళ్లాడు.

"తాళమేసి పంపితె, లోపలున్నది పాత ఫైలే అని నీ పెట్టెకెట్ల ఎర్కయితది? రోజూ అన్నీ కొత్తవే అనుకొని నింపుకుంటది!" అని అరిచాను.

"గది సేఫ్టీ కోసం పెట్టిన భాయ్" అన్నాడు.

"జర మెల్లగ మాట్లాడు" అన్నారు మా సార్, నాతో!

సాయంత్రానికి రెండో పెట్టె కొటేషన్ వచ్చింది. మెయిల్‌లో ఒకటి, వాట్సాప్‌లో ఒకటి, కాగితం మీద ఒకటి. డూప్లికేట్లు ఏరేసే పెట్టెలు అమ్మే మనిషి పంపినవి! మూడూ జాగ్రత్తగా దాచమని మా సార్ నాకే అప్పజెప్పారు.

మీరైతే ఏం చేసేవారో చెప్పండి.