ఉప్పుగాలికి కడిగిన ఇంజను

మార్చి 4: కావలిలో పాత కార్లు కొని, బాగుచేసి అమ్మే ఆసామి నాకు కారు అప్పగిస్తూ, "బానెట్ ఎత్తి నీళ్లు కొట్టబాకండి సార్" అన్నాడు. లోపల దాచుకోవలసినదేదో ఉంటే తప్ప ఎవరూ ఇటువంటి షరతు పెట్టరు.

మార్చి 19: హైవే మీద లారీని దాటబోతుండగా కారు ఎక్కిళ్లు పెట్టింది. వెనుక బస్సు హారన్ మోగిస్తోంది. లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను చూసి నవ్వాడు.

మార్చి 27: రైలు వంతెన ఎక్కుతుండగా అదే తంతు. ఆసామికి ఫోను చేస్తే, "పెట్రోలు యాడ కొట్టించినారు సార్?" అని ఎదురు ప్రశ్న వేశాడు.

ఏప్రిల్ 6: మళ్లీ ఫోను చేస్తే, "ఒకసారి తీసుకొని రండి, చూస్తా" అన్నాడు. తప్పు అతనిది, తిరుగుడు నాది.

ఈ నాలుగు అన్యాయాలనూ తెల్లకాగితం మీద రాసి, తోటపల్లి గూడూరు దగ్గరి మా ఊళ్లో రొయ్యల మేత అమ్మే కొట్టు ముందు, పొద్దుటి పూట పదిమంది ఉండగా చదివి వినిపించాను. నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఎవరికి ఏ అర్జీ కావాలన్నా నా దగ్గరికే వస్తారు. నేను కాగితం మీద పెట్టిన మాటను మా ఊళ్లో ఎవరూ రెండోసారి ప్రశ్నించరు. ఆ సంగతి తెలిసే చదివాను. నా పొరుగు రైతు ఒకాయన, కూతురి కాలేజీ ప్రయాణాల కోసం అదే ఆసామి దగ్గర ఒక కారు మాట్లాడుకుని ఉన్నాడు. నేను చదవడం ముగించేలోగానే ఫోను తీసి, వద్దని చెప్పేశాడు. ఆ క్షణాన నాకు కలిగిన తృప్తిని తలచుకుంటే ఇప్పుడు తల ఎత్తలేకపోతున్నాను.

కారును కావలికి తీసుకుపోలేదు. దోషమేదో నేనే పట్టి, ఆధారంతో సహా అతని ముందు పెట్టాలనుకున్నాను. నిలిపి ఉంచినప్పుడు ఇంజను నిమ్మళంగా ఆడుతుంది. ఒకే వేగంలో పోతున్నంతసేపూ పేచీ లేదు. కాలు గట్టిగా నొక్కి వేగం పెంచబోతేనే ఒకటి రెండు దెబ్బలు తప్పి, బండి ముందుకూ వెనక్కూ కుదిపేస్తుంది. మెకానిక్కులు దీన్నే మిస్సింగ్ అంటారు. పెట్రోలు ఫిల్టరు మార్పించాను, తేడా లేదు. గాలి ఫిల్టరు దులిపించాను, తేడా లేదు. ఇక మిగిలింది, ప్లగ్గులు పుట్టించే నిప్పురవ్వ.

కారు పెట్టే కొట్టానికి ముందువైపు టార్పాలిన్ కట్టి చీకటి చేశాను. పొగ పోయేందుకు వెనుకవైపు వదిలేశాను. నా భార్యను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, చెప్పినప్పుడల్లా యాక్సిలరేటర్ నొక్కమని, నేను బానెట్ ఎత్తి నిలబడ్డాను.

"నొక్కు!"

ఇంజను గట్టిగా అరిచింది. రెండో ప్లగ్గు దగ్గర, రబ్బరు తొడుగు పక్క నుంచి సన్నని నీలి మెరుపు ఇంజను ఇనుము మీదికి దూకింది.

"మళ్లీ నొక్కు!"

మళ్లీ దూకింది. సిలిండరు లోపల దూకవలసిన రవ్వ బయటే దూకుతోంది. వేగం పెంచినప్పుడు లోపల ఒత్తిడి పెరుగుతుంది కనుక, రవ్వ అక్కడ దూకలేక సులువైన దారి వెతుక్కుంటోంది. ఇంజను ఆపించి, చల్లారాక ఆ వైరు పీకాను. ప్లగ్గు కూర్చున్న గుంటలో నీళ్లు నిలిచి ఉన్నాయి. చుట్టూ తుప్పు, దాని అంచున తెల్లని ఉప్పు.

"ఏందండీ అంతసేపూ? దొరికినాడా దొంగ?" అంది నా భార్య కారు దిగుతూ.

"నీళ్లున్నాయి."

"యాడి నీళ్లు?"

ఆమె వంగి చూసి, నా వైపు తిరిగింది.

"రోజూ పొద్దన్నే పైపు పెట్టి దానికి తలంట్లు పోస్తిరి గదా. పాపం, అందుకే తుమ్ముతా ఉండాది. ఆయన్నేమో ఊరంతా దొంగను చేస్తిరి!"

మా తీరంలో ఇనుమును ఉప్పుగాలి తినేస్తుంది. రొయ్యల పట్టుబడి అయిపోయాక చెరువు నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లను మోటార్లతో సహా కాలువ నీళ్లతో కడిగి ఆరబెట్టడం ఇక్కడ అందరికీ అలవాటు. నేనూ కొన్నేళ్లు చెరువు చేసినవాణ్ణే. ఆ అలవాటునే కారు ఇంజనుకు పట్టించాను. పైగా కాలువ నీళ్లు కాదు, మా ఇంటి బోరు నీళ్లు. అవి నోట పోసుకుంటే ఉప్పగా ఉంటాయి. వద్దని చెప్పిన మనిషి మాటను నేను నేరాల జాబితాలో మొదటి నేరంగా రాశాను.

వైర్లూ ప్లగ్గులూ కొత్తవి వేయించాను. కారు వంతెనను ఒక్క కుదుపు లేకుండా ఎక్కింది. ఆ కారులోనే కావలి వెళ్లాను. మధ్యాహ్నం నమాజు ముగించుకుని షెడ్డుకు వచ్చిన ఆసామికి, నిలబడే, జరిగినదంతా చెప్పాను.

"నీళ్లా సార్?" అన్నాడు. "మీ ఊరోళ్లు ఇంకో ఇద్దరు వస్తామన్నోళ్లు రాలా. ఏందబ్బా అనుకున్యా. మా బామ్మర్ది పంపించినాడు, చూడండి" అని ఫోను నా ముందుకు చాచాడు.

తెర మీద నా కాగితం. నేను చదువుతున్నప్పుడు ఎవరో ఫోటో తీసి ఊరి గ్రూపులో పెట్టారట. అక్షరం అక్షరం స్పష్టంగా ఉంది.

"చేతిరాత మాత్రం ముత్యాలే సార్!" అని నవ్వి, "ఏం లేదులే, పోనీయండి. టీ తాగుతారా?" అన్నాడు.

నన్ను తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణి.

మర్నాడే మేత కొట్టు ముందుకు వెళ్లి, తప్పు నాదేనని రాసిన రెండో కాగితం చదివాను. ముగ్గురు విన్నారు. ఎవరూ ఫోటో తీయలేదు.

"మొదటి దాంట్లో లారీ డ్రైవరు ఉండె గదా సార్, అది బాగుండె" అన్నాడు కొట్టు యజమాని. పొరుగు రైతు అప్పటికే నెల్లూరులో వేరే బండి కొనేశాడు. మిగతా ఇద్దరినీ ఇంటికి వెళ్లి కలిశాను. "ఎందుకొచ్చిన తంటా సార్, ఒకసారి పేరు పడినాక" అన్నారు. ఆ పేరు పడేలా చేసింది నేనేనని వారికి గుర్తు చేసినా, మర్యాదకు తల ఊపారే తప్ప మనసు మార్చుకోలేదు.

అందువల్ల ఆ ఆసామికి ఈ ఉదయం రిజిస్టరు పోస్టులో ఇలా రాసి పంపాను:

"అయ్యా, తమరు నోటితో అన్న 'ఏం లేదులే' అనే మాటను నేను సమాధానంగా స్వీకరించలేను. నా వల్ల తమ వృత్తికీ, పేరుకూ జరిగిన నష్టం నిజం. దానిని తమరు మర్యాద కొద్దీ లేదనడం నాకు సమ్మతం కాదు. మా ఊళ్లో నేను ఎవరెవరి ముందు, ఏ మాటలతో, ఏమి చెబితే తమకు న్యాయం జరిగినట్టు భావిస్తారో, నన్ను క్షమించే ఉద్దేశం అసలు ఉన్నదో లేదో, దాపరికం లేకుండా, తమ సంతకంతో, వ్రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను."